ముబషిర్ హసన్: ఖజానా తాళాలు చేతికొచ్చిన ప్రొఫెసర్

సంగ్రహంగా: 1971 డిసెంబర్ నుంచి 1974 అక్టోబర్ దాకా పాకిస్థాన్ ఆర్థిక మంత్రిగా పనిచేసిన డాక్టర్ ముబషిర్ హసన్ అంతకుముందు లాహోర్‌లో ఇంజినీరింగ్ పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. ఆయన హయాంలో పరిశ్రమలు, బ్యాంకులు ప్రభుత్వపరమయ్యాయి. పెత్తనం మాత్రం కార్మికుల దాకా పోకుండా అధికారుల దగ్గరే ఆగిపోయింది. అది ఎందుకు ఆగింది, దాని ప్రభావం ఇప్పటి పాకిస్థాన్ రాజకీయాల మీద ఎలా పడింది అన్నదే ఈ విశ్లేషణ.

పాకిస్థాన్ ఐఎంఎఫ్ గడప తొక్కిన ప్రతిసారీ అక్కడి పత్రికల్లో ఒక పాత తగవు మళ్లీ లేస్తుంది. ఈ దుస్థితికి బీజం 1972లో పడిందని ఒక పక్షం వాదిస్తుంది. బాగా నడుస్తున్న ఫ్యాక్టరీలను లాక్కుని పారిశ్రామికవేత్తలను దేశం నుంచి తరిమేశారన్నది వాళ్ల ఆరోపణ. అంతకుముందు పదేళ్లలో పెరిగిన సంపద ఎవరి ఇంటికి చేరిందో చూడమని రెండో పక్షం అడుగుతుంది. రెండు వాదాల్లోనూ తప్పకుండా వినబడే పేరు ముబషిర్ హసన్. ఇటువైపు పాఠకులకు జుల్ఫికర్ అలీ భుట్టో తెలిసినంతగా ఆయన తెలియదు. తెలిసినవాళ్లలోనూ చాలామందికి ఆయన భారత్‌తో స్నేహం కోరిన పెద్దమనిషిగానే గుర్తు. ఆ స్నేహం కోరడానికి రెండు దశాబ్దాల ముందే ఆయన తన దేశ ఆర్థిక వ్యవస్థ రూపురేఖలు మార్చే పనికి దిగారు.

పానిపట్ నుంచి గుల్‌బర్గ్ దాకా

ముబషిర్ హసన్ 1922 జనవరిలో ఇప్పటి హరియాణాలోని పానిపట్‌లో పుట్టారు. ఉర్దూ కవి హాలీ పుట్టిన ఊరు కూడా అదే. చదివింది సివిల్ ఇంజినీరింగ్. లాహోర్‌లో పట్టా పుచ్చుకుని, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్, అయోవాలో డాక్టరేట్ చేశారు. తిరిగొచ్చి లాహోర్ ఇంజినీరింగ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా పనిచేశారు.

ఆయన రాజకీయ జీవితానికి తలుపు తెరిచింది భుట్టో తిరుగుబాటు. భారత్‌తో 1965 యుద్ధాన్ని ముగించిన తాష్కెంట్ ఒప్పందం తర్వాత సైనిక పాలకుడు అయూబ్ ఖాన్‌తో చెడి, 1966లో మంత్రివర్గం నుంచి బయటికొచ్చిన భుట్టోకు జనాకర్షణ ఉంది గానీ పార్టీ లేదు, సిద్ధాంతమూ లేదు. ప్రొఫెసర్లు, కమ్యూనిస్టు నేపథ్యమున్న కార్మిక నాయకులు, జె.ఎ. రహీమ్ లాంటి మాజీ దౌత్యవేత్తలు ఆ లోటు తీర్చారు. 1967 నవంబర్ 30, డిసెంబర్ 1 తేదీల్లో లాహోర్ గుల్‌బర్గ్‌లోని 4-కె నంబరు ఇంట్లో పాకిస్థాన్ పీపుల్స్ పార్టీ పుట్టింది. ఆ ఇల్లు ముబషిర్ హసన్‌దే. పార్టీ తొలి పత్రాల రచనలో రహీమ్‌తో పాటు ఆయనకూ చేయి ఉంది. మతం ఇస్లాం, రాజ్య విధానం ప్రజాస్వామ్యం, ఆర్థిక విధానం సోషలిజం, సర్వాధికారాలూ ప్రజలవే అన్న నాలుగు సూత్రాలు అక్కడివే. 'రోటీ, కప్డా ఔర్ మకాన్' అన్న నినాదం ఆ సూత్రాలను వీధిలోకి తెచ్చింది.

1970 ఎన్నికల్లో పశ్చిమ పాకిస్థాన్‌లోని 138 సాధారణ స్థానాల్లో పీపుల్స్ పార్టీ 81 గెలిచింది. లాహోర్ నుంచి ముబషిర్ హసన్ కూడా నెగ్గారు. మొత్తం దేశంలో మెజారిటీ తెచ్చుకున్న తూర్పు పాకిస్థాన్ అవామీ లీగ్‌కు అధికారం అప్పగించకపోవడం యుద్ధానికి, బంగ్లాదేశ్ ఆవిర్భావానికి దారితీసింది. అలా సగానికి పైగా జనాభాను పోగొట్టుకున్న దేశంలో, 1971 డిసెంబర్‌లో, ప్రొఫెసర్ గారికి ఆర్థిక శాఖ దక్కింది.

22 కుటుంబాలు

తర్వాత జరిగింది అర్థం కావాలంటే అయూబ్ కాలపు అభివృద్ధి నమూనాను చూడాలి. 1960లలో పాకిస్థాన్ వృద్ధి రేటును విదేశీ నిపుణులు మెచ్చుకున్నారు. పరిశ్రమ పెట్టేవాడికి లైసెన్సు, చవక విదేశీ మారకం, దిగుమతుల పోటీ నుంచి రక్షణ, అప్పు అన్నీ ప్రభుత్వమే సమకూర్చింది. లాభాలు కొద్దిమంది చేతుల్లో పోగైతే వాళ్లే మళ్లీ పెట్టుబడి పెడతారన్నది దాని వెనుక లెక్క.

ఆ లెక్క ఎక్కడికి చేరిందో బయటపెట్టింది ప్రభుత్వంలోని మనిషే. ప్రణాళికా సంఘం ప్రధాన ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ 1968లో చేసిన ప్రసంగంలో, దేశ పారిశ్రామిక ఆస్తుల్లో దాదాపు మూడింట రెండొంతులు, బ్యాంకింగ్‌లో 80 శాతం 22 కుటుంబాల గుప్పిట్లో ఉన్నాయని చెప్పారు. ఇదే హక్ 1980లలో, భుట్టోను కూలదోసిన సైనిక పాలకుడు జనరల్ జియా ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి అయ్యారు. 1990లో ఐక్యరాజ్యసమితికి మానవాభివృద్ధి సూచీని అందించిందీ ఆయనే. లెక్క తేల్చినవాడు ఆర్థికవేత్త అయితే, దాని మీద చర్య తీసుకునే అవకాశం మొదట వచ్చింది ఇంజినీరుకు.

ఆ కుటుంబాల బలం ఒక గొలుసులో ఉంది. మిల్లు ఉన్న కుటుంబానికే బ్యాంకు ఉండేది, బీమా కంపెనీ ఉండేది. జనం దాచుకున్న డబ్బు ఆ బ్యాంకు ద్వారా అదే కుటుంబం మిల్లులకు అప్పుగా వెళ్లేది. కొద్దిపాటి వాటాతోనే చాలా కంపెనీల మీద పెత్తనం చేయడానికి 'మేనేజింగ్ ఏజెన్సీ' అన్న వలసకాలపు పద్ధతి ఉపయోగపడేది. భారత్ ఈ పద్ధతిని 1970లో రద్దు చేసింది, పాకిస్థాన్ 1972 జనవరిలో.

1972 జనవరి: ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు

కొత్త ప్రభుత్వం వచ్చిన రెండు వారాల్లోపే ఆర్థిక సంస్కరణల ఉత్తర్వు వెలువడింది. ఉక్కు, భారీ ఇంజినీరింగ్, భారీ విద్యుత్ పరికరాలు, వాహనాలు, ట్రాక్టర్లు, రసాయనాలు, పెట్రోకెమికల్స్, సిమెంటు వంటి పది రంగాల్లో 31 పరిశ్రమల యాజమాన్యం ప్రభుత్వపరమైంది. అహ్మద్ దావూద్ లాంటి పెద్ద పారిశ్రామికవేత్తలను నిర్బంధించారు, వాళ్ల పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. మార్చిలో జీవిత బీమా వంతు వచ్చింది.

విమర్శకులు, అభిమానులు ఇద్దరూ సాధారణంగా దాటవేసే విషయం ఒకటి ఇక్కడుంది. 22 కుటుంబాల అసలు బలం జౌళి పరిశ్రమలో ఉంది. తొలి విడతలో దాని జోలికి పోలేదు. తీసుకున్నవి పెద్ద పరిశ్రమల ఉత్పత్తిలో సుమారు ఐదో వంతే. అంటే సంపద కేంద్రీకరణను బద్దలు కొట్టడం మాటల్లో లక్ష్యం. చేతల్లో జరిగింది దేశానికి యంత్రాలు తయారుచేసే పునాది పరిశ్రమలను ప్రభుత్వం కింద పెట్టడం. ఒక ఇంజినీరు దృష్టిలో ఇది సహజమే, ఉక్కు, యంత్ర పరికరాలు ఎవరి దగ్గరుంటే భవిష్యత్తు వాళ్లదే అన్నది ఆ తరం ప్రణాళికల నమ్మకం. నెహ్రూ కాలపు భారత్ కూడా అదే నమ్మింది. భారత్ భారీ పరిశ్రమలను ఎక్కువగా కొత్తగా కట్టుకుంటే, పాకిస్థాన్ ఉన్నవాటిని తీసుకుంది. కొత్తది కట్టుకున్న చోట పోయేది డబ్బు. ఉన్నది తీసుకున్న చోట నమ్మకం కూడా పోయింది.

లాహోర్ బాదామీబాగ్‌లోని బెకో ఫ్యాక్టరీ ఇందుకు మంచి ఉదాహరణ. దేశ విభజనలో బటాలా వదిలి వచ్చిన సి.ఎం. లతీఫ్ దాన్ని నిలబెట్టారు. సైకిళ్ల నుంచి యంత్ర పరికరాల దాకా అక్కడ తయారయ్యేవి. ఆయన 22 కుటుంబాల బాపతు కాదు, బ్యాంకు అండతో కాక సాంకేతిక నైపుణ్యంతో ఎదిగిన మనిషి. కానీ ఉత్పత్తి 'భారీ ఇంజినీరింగ్' జాబితాలో ఉంది కాబట్టి ఫ్యాక్టరీ పోయింది. పెకో అన్న పేరుతో ప్రభుత్వ సంస్థగా మారాక దానికి పాత వైభవం మళ్లీ రాలేదు. రంగాన్ని చూసి తీసుకోవడం, యజమాని ఎలా ఎదిగాడో చూడకపోవడం ఆ ఉత్తర్వులోని అతిపెద్ద లోపం.

అదే ఏడాది మే నెలలో రూపాయి విలువను డాలరుకు 4.76 నుంచి ఏకంగా 11కు తగ్గించారు. అప్పటిదాకా పశ్చిమ పాకిస్థాన్ మిల్లుల సరుకుకు తూర్పు పాకిస్థాన్ గ్యారంటీ మార్కెట్. అది పోయింది కనుక ఆ సరుకు విదేశాల్లో అమ్ముడుపోవాలి. అందుకు పనికొచ్చిన నిర్ణయమే ఇది. ఎగుమతులు నిజంగానే పుంజుకున్నాయి. డాలరు విలువ తగ్గాక, 1973 ఫిబ్రవరి నుంచి రేటు 9.90 దగ్గర నిలిచింది. ముబషిర్ హసన్ పదవీకాలంలో ఎక్కువ ఫలితమిచ్చిన చర్య బహుశా ఇదే, సోషలిజంతో దానికి ఏ సంబంధమూ లేదు. కానీ 1973 వరదలు, అదే ఏడాది చివర్లో చమురు ధరల పెరుగుదల తోడై ద్రవ్యోల్బణం 20 శాతం దాటింది. రొట్టె, గుడ్డ, ఇల్లు అన్న నినాదంతో గెలిచిన ప్రభుత్వానికి రొట్టె ధరే తలనొప్పి అయింది.

బ్యాంకుల జాతీయీకరణ: ఇక్కడ, అక్కడ

1974 జనవరి 1న పాకిస్థాన్ తన దేశీయ వాణిజ్య బ్యాంకులన్నింటినీ తీసుకుని, కలిపి, ఐదు బ్యాంకులుగా మార్చింది. భారత్‌లో ఇందిరా గాంధీ 1969 జులైలో 14 బ్యాంకులను తీసుకున్నారు. 1980 ఏప్రిల్‌లో మరో ఆరు చేరాయి. తెలుగువాళ్ల ఆంధ్రా బ్యాంకు ఈ రెండో విడతలోదే. రెండు దేశాల్లోనూ లక్ష్యం ఒకటే, జనం పొదుపును కొద్ది కుటుంబాల మిల్లులకు కాకుండా సేద్యానికి, చిన్న పరిశ్రమలకు మళ్లించడం. రెండు చోట్లా గ్రామాల్లో శాఖలు పెరిగాయి, రెండు చోట్లా రాజకీయ సిఫార్సు అప్పులు పెరిగాయి.

తేడా వచ్చింది నిలకడలో. భారత్‌లో 1970లో సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టేసింది, నష్టపరిహారం సంగతి తేల్చాకే ప్రభుత్వం ముందుకు పోగలిగింది. అలా సరిదిద్దుకున్న ఏర్పాటు చాలా వరకు ఇప్పటికీ ఉంది. పాకిస్థాన్‌లో వచ్చిన ప్రతి పాలకుడూ దిశ మార్చాడు. జియా హయాంలో కొన్ని పరిశ్రమలు పాత యజమానులకు తిరిగి వెళ్లాయి. 1991లో ముస్లిం కమర్షియల్ బ్యాంకును, 2002లో యునైటెడ్ బ్యాంకును అమ్మేశారు.

ఆ యునైటెడ్ బ్యాంకు వ్యవస్థాపకుడు ఆగా హసన్ అబేదీ రాబోయేది ముందే పసిగట్టి 1972లో విదేశంలో బీసీసీఐ అనే బ్యాంకు పెట్టారు. అది ప్రపంచమంతా విస్తరించి, 1991లో భారీ మోసాల ఆరోపణలతో మూతపడింది. జాతీయీకరణ వల్ల పెట్టుబడే కాకుండా దాన్ని నడిపే నేర్పు కూడా ఎల్లలు దాటిందనడానికి ఇది మరీ విపరీతమైన సాక్ష్యం.

భూమి దగ్గరికొచ్చేసరికి

ఫ్యాక్టరీల విషయంలో చూపిన దూకుడు పొలాల దగ్గర లేదు. 1972 మార్చిలో తెచ్చిన భూసంస్కరణ నీటి వసతి ఉన్న భూమికి 150 ఎకరాలు, లేనిదానికి 300 ఎకరాలు గరిష్ఠ పరిమితి పెట్టింది. అయూబ్ కాలపు 500, 1,000 ఎకరాలతో పోలిస్తే ఇది పెద్ద కోతే. కానీ ఆ పరిమితి కుటుంబానికి కాదు, వ్యక్తికి. భార్య, కొడుకులు, మనవల పేర్ల మీద పంచుకున్న భూస్వామికి దాని సెగ అంతగా తగల్లేదు.

దాదాపు అదే సమయంలో ఆంధ్రప్రదేశ్ చేసిన 1973 భూపరిమితి చట్టంతో పోల్చి చూస్తే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇక్కడ ఐదుగురున్న కుటుంబాన్ని ఒక యూనిట్‌గా లెక్కేసి, భూమి రకాన్ని బట్టి మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు పరిమితి పెట్టారు. అమలులో ఇక్కడా బినామీలు, కోర్టు కేసులు తక్కువేం కాదు. అయినా కాగితం మీద రాసుకున్న లక్ష్యంలోనే అంత అంతరం ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు, పీపుల్స్ పార్టీకి సింధ్‌లో, దక్షిణ పంజాబ్‌లో ఓట్లు తెచ్చిపెట్టేది భూస్వాములే. లార్కానా భూస్వామి కుటుంబం నుంచి వచ్చిన నాయకుడే ఆ పార్టీకి అధ్యక్షుడు. పట్టణ పెట్టుబడిదారుడికి అసెంబ్లీలో అంత బలగం లేదు.

ఫ్యాక్టరీ ఎవరి చేతికి చేరింది

యజమానిని తప్పించాక నడిపేదెవరు? పార్టీ పత్రాల్లో దీనికి జవాబు కార్మికులు. 1972 కార్మిక విధానం ఫ్యాక్టరీ యాజమాన్య కమిటీల్లో వాళ్లకు 20 శాతం చోటిచ్చింది కూడా. కానీ అదే ఏడాది జూన్‌లో కరాచీ సైట్ పారిశ్రామిక ప్రాంతంలో కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కార్మిక సంఘాలకూ పార్టీకీ మధ్య పాత బంధం నిలవలేదు.

నిర్వహణ బాధ్యత పారిశ్రామిక యాజమాన్య బోర్డుకు, దాని కింది ప్రభుత్వ కార్పొరేషన్లకు వెళ్లింది. వాటి కుర్చీల్లో కూర్చున్నది అధికారులే. ఒక వైపు భుట్టో ప్రభుత్వం 1972లో దాదాపు 1,300 మంది అధికారులను తొలగించి, 1973లో పాత సివిల్ సర్వీసు వ్యవస్థను రద్దు చేసింది. ఇంకో వైపు ఉక్కు, సిమెంటు, ఎరువులు, బ్యాంకులు, బీమా అన్నింటినీ తెచ్చి అదే అధికార గణం చేతిలో పెట్టింది. ఉద్యోగ భద్రత పోయిన అధికారి మంత్రి మాట కాదనలేడు. మంత్రి చేతిలో ఉద్యోగాలు ఇవ్వగల ఫ్యాక్టరీ ఉంది. ఈ రెండూ కలిసినచోట ఫ్యాక్టరీ కాస్తా పార్టీవాళ్లకు ఉద్యోగాలు పంచే కార్యాలయమైంది. ప్రైవేటు పెట్టుబడి భయపడి వెనక్కి తగ్గడంతో ప్రభుత్వమే కొత్తవి కట్టాల్సి వచ్చింది. వాటిలో అతి పెద్దదైన కరాచీ ఉక్కు కర్మాగారానికి 1973 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది, 2015లో ఉత్పత్తి ఆగింది.

పార్టీ లోపల గాలి 1974 నాటికే మారింది. ఆ ఏడాది జులైలో జె.ఎ. రహీమ్‌ను పదవి నుంచి తీసేయడమే కాదు, వృద్ధుడన్న కనికరం కూడా లేకుండా భుట్టో ప్రభుత్వ సాయుధ దళమైన ఫెడరల్ సెక్యూరిటీ ఫోర్స్ మనుషులు ఇంటికి పోయి కొట్టారు. అక్టోబర్‌లో ముబషిర్ హసన్ కూడా మంత్రివర్గం నుంచి బయటికొచ్చారు. పార్టీ ప్రధాన కార్యదర్శి పదవి మాత్రం ఆ తర్వాత కొంతకాలం ఆయన దగ్గర ఉంది. 1976 జులైలో ఏకంగా వడ్ల మిల్లులు, పిండి మిల్లులు, జిన్నింగ్ మిల్లులు వేల సంఖ్యలో జాతీయం చేసి చిన్న పట్టణాల వ్యాపారులందరినీ ప్రభుత్వం శత్రువులను చేసుకుంది. 1977లో భుట్టోకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చినవాళ్లలో వీళ్లు ముఖ్యులు. ఇప్పటి చర్చల్లో ఆ నిర్ణయాన్ని కూడా ముబషిర్ హసన్ ఖాతాలోనే రాస్తుంటారు. తేదీలు చూస్తే అది సరికాదు.

అనుకోని వారసుడు

1972 జనవరిలో పోయిన ఫ్యాక్టరీల్లో లాహోర్‌లోని ఇత్తెఫాక్ ఫౌండ్రీ ఒకటి. దాని యజమాని మియాఁ మొహమ్మద్ షరీఫ్. జియా వచ్చాక ఫౌండ్రీ ఆ కుటుంబానికి తిరిగి దక్కింది. 1981లో ఆయన కొడుకు నవాజ్ షరీఫ్ పంజాబ్ ప్రావిన్స్ ఆర్థిక మంత్రి, ఆ తర్వాత ముఖ్యమంత్రి, 1990లో ప్రధాని. పంజాబీ వ్యాపార వర్గానికి 1972 నేర్పిన పాఠం ఒకటే, ఆస్తి నిలబడాలంటే ప్రభుత్వంలో సొంత మనిషి ఉండాలి. అంతకుముందు వాళ్లు అధికారులను మంచి చేసుకుని పని గడుపుకునేవాళ్లు, ఆ తర్వాత వాళ్లే పార్టీ పెట్టుకున్నారు. 22 కుటుంబాల రాజకీయ పలుకుబడిని తుడిచేయాలనుకున్న విధానం నుంచి పారిశ్రామికవేత్తలే నేరుగా పాలించే కాలం పుట్టుకొచ్చింది. జాతీయీకరణ ఫలితాల్లో ఎక్కువకాలం నిలిచింది ఇదేనని చెప్పవచ్చు.

మంత్రి పదవి తర్వాత

జియా కాలంలో ముబషిర్ హసన్ జైలుకెళ్లారు. తర్వాతి దశాబ్దాల్లో భుట్టో కూతురు బేనజీర్ నాయకత్వానికి దూరంగా ఉండి, ఆమె తమ్ముడు ముర్తజా భుట్టో వర్గంతో నడిచారు. రాజకీయంగా అది చిన్న పాయ. సంపద మాత్రం పోగేయలేదు. లాహోర్‌లో ముసలితనంలోనూ పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కారులో తిరుగుతూ కనబడేవారు, ఇల్లు అదే 4-కె.

ఈ కాలంలో ఆయన ఆలోచన మారింది. 2000లో వచ్చిన 'ద మిరాజ్ ఆఫ్ పవర్' అన్న పుస్తకంలో భుట్టో ఏళ్లను ఆయనే విచారణకు పెట్టారు. బ్రిటిష్ వాళ్లు వదిలిపోయిన రాజ్య నిర్మాణం, అంటే సైన్యం, అధికార గణం చేతిలో ఉన్న కేంద్రీకృత యంత్రాంగం, అలాగే ఉండగా దాన్ని ఎవరు నడిపినా ఫలితం ఒకటేనన్నది ఆయన వాదం. అందుకే అధికారాన్ని కింది స్థాయికి పంచాలని పదే పదే రాశారు. ఇందులో నిజం ఉంది. అయితే ఆ యంత్రాంగానికి ఫ్యాక్టరీలు, బ్యాంకులు అప్పగించి దాన్ని ఇంకా బలిసేలా చేసిన నిర్ణయాల మీద తన సంతకం కూడా ఉందన్న సంగతిని ఆ వాదం కొంత తేలిక చేస్తుంది.

భారత్‌తో సంబంధాల విషయంలోనూ ఇలాంటి మలుపే ఉంది. పాకిస్థాన్ అణ్వస్త్ర కార్యక్రమానికి శ్రీకారం చుట్టిన 1972 జనవరి ముల్తాన్ సమావేశం నాటికి ఆర్థిక మంత్రి ఆయనే. 1994లో రెండు దేశాల మేధావులు కలిసి నెలకొల్పిన పాకిస్థాన్-ఇండియా పీపుల్స్ ఫోరమ్ ఫర్ పీస్ అండ్ డెమోక్రసీ స్థాపకుల్లోనూ ఆయన ఒకరు. ఇటువైపు రాజనీతి శాస్త్రవేత్త రజనీ కొఠారీ, మాజీ నౌకాదళాధిపతి ఎల్. రామదాస్, అటువైపు పాత్రికేయుడు ఐ.ఎ. రెహ్మాన్ లాంటివాళ్లు అందులో పనిచేశారు. దాని ఉమ్మడి సమావేశాలు ఢిల్లీ, లాహోర్, కలకత్తా, పెషావర్, బెంగళూరుల్లో జరిగాయి. ప్రభుత్వాలు మాట్లాడుకోని రోజుల్లో జనం మాట్లాడుకునే దారుల్లో అదొకటి.

పిటిషనర్ ముబషిర్ హసన్

2007 అక్టోబర్‌లో అప్పటి అధ్యక్షుడు జనరల్ ముషారఫ్ జాతీయ సయోధ్య ఆర్డినెన్స్ తెచ్చారు. 1986 జనవరి నుంచి 1999 అక్టోబర్ మధ్య రాజకీయ నాయకులు, అధికారుల మీద పెట్టిన కేసులు దాని కింద ఎత్తేశారు. లబ్ధిదారుల జాబితా ఎనిమిది వేలు దాటింది. బేనజీర్, ఆమె భర్త ఆసిఫ్ జర్దారీ అందులో ప్రముఖులు. దాన్ని సవాలు చేసిన పిటిషన్లలో ముందున్నది ముబషిర్ హసన్‌ది. అప్పటికి ఆయన వయసు 85.

2009 డిసెంబర్ 16న 17 మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. అందరూ చట్టం ముందు సమానమన్న హామీకి, ఇంకా పలు రాజ్యాంగ నిబంధనలకు అది విరుద్ధమని తేల్చింది. పాకిస్థాన్ న్యాయ గ్రంథాల్లో ఆ తీర్పు 'డాక్టర్ ముబషిర్ హసన్ వర్సెస్ ఫెడరేషన్ ఆఫ్ పాకిస్థాన్' పేరుతోనే ఉంది. అప్పటికి అధ్యక్షుడైన జర్దారీ మీద అక్కడ నడిచిన అవినీతి కేసులు తిరగదోడమని స్విట్జర్లాండ్‌కు లేఖ రాయాలని కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. ప్రధాని యూసుఫ్ రజా గిలానీ రాయనన్నారు. 2012 ఏప్రిల్‌లో కోర్టు ధిక్కారం కింద ఆయనకు శిక్ష పడింది, జడ్జీలు లేచి వెళ్లేదాకా కోర్టులో ఉండటమే ఆ శిక్ష. జూన్ 19న పదవికి అనర్హుడయ్యారు. గిలానీ ఏ పార్టీ ప్రధానో ఆ పార్టీ పుట్టింది ఈ పిటిషనర్ ఇంట్లోనే.

ఈ తీర్పు మీద ఏకాభిప్రాయం లేదు. ఎన్నికైన ప్రధానిని కోర్టు ఇంటికి పంపే ఆనవాయితీకి ఇది బాట వేసిందని కొందరు న్యాయ నిపుణులు అంటారు. 2017లో నవాజ్ షరీఫ్ కూడా సుప్రీంకోర్టు చేతుల్లోనే పదవి పోగొట్టుకున్నారు, ఇత్తెఫాక్ వారసుడు కూడా దాన్ని తప్పించుకోలేకపోయాడు. స్విస్ లేఖ సంగతికొస్తే, గిలానీ తర్వాతి ప్రధాని రాజా పర్వేజ్ అష్రఫ్ ప్రభుత్వం 2012 నవంబర్‌లో దాన్ని పంపింది. కాలపరిమితి దాటిపోయిందంటూ స్విస్ అధికారులు 2013లో కేసు తెరవడానికి నిరాకరించారు. ముబషిర్ హసన్ 2020 మార్చి 14న లాహోర్‌లో 98 ఏళ్ల వయసులో చనిపోయారు.